ఆగకుండా కొలిచిన వేగం

బ్ర్నో, ఫిబ్రవరి 11

జెల్మీరాకు,

నా దస్తూరీ గుర్తుపట్టి, కవరు విప్పకుండానే పొయ్యిలో పడేస్తావేమో అనుకుంటూనే రాస్తున్నాను. నీ చిరునామా లీపా సభ్యుల పట్టికలో దొరికింది. నువ్వు మానేసి నాలుగేళ్లయినా నీ పేరు అందులో అలాగే ఉంది. తీసేయాల్సినవాణ్ని నేనే. ఎందుకో చెయ్యి రాలేదు.

ఎలా ఉన్నావు? లెవోచా అటవీ కార్యాలయంలో మ్యాపులు గీస్తున్నావని విన్నాను. మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను అదే ఫ్లాట్‌లో ఉన్నాను. కిటికీ కింద అదే ట్రాము. యాభై మూడో ఏడు వచ్చింది. వారమంతా ఆఫీసు కంప్యూటర్ల దగ్గర పని, శని ఆదివారాలు లీపాకి జీతం లేకుండా చేసే పని. లీపా లాంటి, లోకమంతా ఉచితంగా వాడుకునే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ని మాలాంటి కొన్ని వందల మంది సెలవు రోజుల్లో నిలబెడుతున్నామంటే మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

అందులో నువ్వు వదిలి వెళ్లిన పన్నెండు ప్రోగ్రాం ప్యాకేజీలూ నేనే చూస్తున్నాను. యంత్రాల వేగం కొలిచే ప్యాకేజీలంటే కొత్తవాళ్లకి మోజు లేదు. ఫలితాల పట్టిక మాత్రం అందరికీ కావాలి. అందులో మన లీపా మూడేళ్లుగా మొదటి స్థానంలో ఉంది. తెలిసే ఉంటుంది.

ఒక చిన్న సాంకేతిక సందేహం. డిస్కు వేగం కొలిచే క్రోక్ ప్యాకేజీ మీద నువ్వు అప్పట్లో ఒక ఫిర్యాదు పెట్టావు కదా, మన ప్యాకేజీ వేగాన్ని ఎక్కువ చేసి చూపిస్తోందని. అప్పుడు నువ్వు తీసిన కొలతలు ఇంకా నీ దగ్గర ఉన్నాయా? తొందరేమీ లేదు. నువ్వు స్లొవాక్‌లోనే రాయి, నాకు అర్థమవుతుంది.

ఒటా


లెవోచా, ఫిబ్రవరి 24

ఒటాకర్ గారికి,

మీ ఉత్తరం అందింది. మా అమ్మ పోయి రెండేళ్లయింది. కాబట్టి మోకాలి నొప్పి లేదు.

కొలతలు లేవు. ఆ యంత్రాన్ని ఇక్కడి బడికి ఇచ్చేశాను. అయినా మీకు సందేహం ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. దానికి మీరు అప్పుడే జవాబిచ్చారు, పదకొండు వందల మంది చదివే మెయిలింగ్ లిస్టులో. నాకది కంఠతా వచ్చు. "త్రాసు పట్టుకోవడం చేతకాని వాళ్లు సరుకును తప్పుపట్టడం మామూలే. జెల్మీరా ముందు కొలవడం నేర్చుకుంటే, ఫిర్యాదులు తర్వాత రాసుకోవచ్చు." దాని కింద ఏడుగురు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఆ ఏడుగురిలో ముగ్గురి పక్కన నేను వార్షిక సమావేశాల్లో వ్యాయామశాల నేల మీద పడుకున్నాను, ఒకే గిన్నెలో వెల్లుల్లి సూప్ తాగాను.

మన లిస్టులో రాసింది ఏదీ చెరిగిపోదని మీరే నాకు నేర్పారు. నా పేరు వెతికితే ఇప్పటికీ మొదట వచ్చేది ఆ మాటే. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే బల్ల అవతల కూర్చున్న ఒకాయన అదే చూసి వచ్చాడు. "ఏమండీ, ఇప్పుడు కొలవడం వచ్చిందా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఉద్యోగం కావాలి కదా.

ఇంకేమైనా సాంకేతిక సందేహాలుంటే లిస్టుకు రాయండి.

జె. కుబాన్యోవా


బ్ర్నో, మార్చి 9

జెల్మీరాకు,

అమ్మగారి సంగతి తెలియదు. క్షమించు. మీ ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ నాకు గొర్రె జున్ను మూటకట్టి ఇచ్చారు. ఆ సంగతి రాయడానికి కూడా ఇప్పుడు నాకు మొహం చెల్లడం లేదు.

నువ్వు నన్ను "మీరు" అన్నావు. అనవచ్చు.

సరే, ఉన్నమాట చెబుతాను. నీ ఫిర్యాదు నిజమే. జనవరిలో మన ప్యాకేజీని విప్పి చూశాను. ఆ ఏటి విడుదలకు ముందు హడావిడిలో ఒక తప్పు జరిగింది. క్రోక్ డిస్కుకు రాతను అందించాక, అది నిజంగా డిస్కు మీద పడేదాకా ఆగి, అప్పుడు గడియారం ఆపాలి. అలా ఆగినప్పుడు, ప్యాకేజీలు తయారుచేసే మన పాత యంత్రం మీద టెస్టు పదే పదే విఫలమయ్యేది. ఆ ఒత్తిడిలో, ఆగమని చెప్పే కోడ్ వరుసను తాత్కాలికంగా తీసేయడం జరిగింది. తిరిగి పెట్టడం మరిచిపోవడం జరిగింది. దాంతో చవక డిస్కుకీ మంచి డిస్కుకీ మన పట్టికలో తేడా లేకుండా పోయింది.

వచ్చే విడతలో సరిచేసేస్తాను. మార్పుల చిట్టాలో "చిన్న మెరుగులు" అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది. ఇప్పుడు దాన్ని పెద్దది చేసి లీపా పేరు పాడుచేయడం ఎవరికీ మంచిది కాదు. అయితే నీకు మాత్రం చెప్పాలనిపించింది. నువ్వు చెప్పింది నిజం, నేను అన్నది తప్పు. మనస్ఫూర్తిగా క్షమాపణ అడుగుతున్నాను.

మెయిల్‌లో కాకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఒటా


లెవోచా, మార్చి 27

ఒటాకర్ గారికి,

అర్థమైంది. కాగితాన్ని ఎవరూ వెతకలేరు.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. "తప్పు జరిగింది", "తీసేయడం జరిగింది", "మరిచిపోవడం జరిగింది". నన్ను వెక్కిరించిన రోజున మాత్రం మీ వాక్యానికి కర్త ఉన్నాడు, కర్మ కూడా ఉంది, దాని పేరు జెల్మీరా. అదేదో వాన పడ్డట్టు దానంతటది జరగలేదు. తీసింది మీరు. నేను చెప్పినప్పుడు విప్పి చూడనిది మీరు. చూడటానికి పది నిమిషాలు పట్టేది. నవ్వించడానికి రెండే నిమిషాలు పట్టింది.

పదకొండు వందల మంది ముందు తిట్టి, పోస్టు డబ్బాలో క్షమాపణ వేస్తారా? మా ఊళ్లో దీనికి ఒక మాట ఉంది, అది ఉత్తరంలో రాసే మాట కాదు.

ఇంకో సంగతి. నాలుగేళ్ల కిందట కోడ్‌లో మార్పు చేసిన ప్యాచ్‌ని ఎవరూ సరదాకి విప్పి చూడరు. మీరైతే అసలు చూడరు, మిమ్మల్ని నేను పదేళ్లుగా ఎరుగుదును. జనవరిలో మీ దగ్గరికి ఎవరు వచ్చారు?

జె. కు.


బ్ర్నో, ఏప్రిల్ 18

జెల్మీరా,

మూడు వారాలుగా ఈ ఉత్తరాన్ని మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఎవరు వచ్చారని అడిగావు. చెబుతాను. చెప్పాక నువ్వు జవాబు రాయకపోయినా నేను నొచ్చుకోను.

వెసెలీ దగ్గర పల్లెలో బ్లాజెనా గారని ఒక రిటైర్డు టీచరమ్మ ఉన్నారు. డెబ్బై దాటిన పది పన్నెండు మందిని పోగుచేసి పాత పాటలు రికార్డు చేసే సంఘం నడుపుతున్నారు. రెండేళ్ల కిందట బ్ర్నోలో మన లీపా మేళాకి వచ్చి నన్ను పట్టుకున్నారు. "ఎనిమిది మైకులు పెట్టి ఒకేసారి రికార్డు చెయ్యాలి బాబూ, ఏ డిస్కు పనికొస్తుంది?" అన్నారు. నేను గొప్పగా మన పట్టిక తెరిచి చూపించాను. "ఈ చవకది చాలండీ, ఖరీదైన దానితో సమానంగా రాస్తుంది. నా మాట నమ్మండి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. అది జరగలేదు, నేను అన్నాను.

నిరుడు అక్టోబరులో మతౌష్ అనే తొంభై ఒక్కేళ్ల తాతని కూర్చోబెట్టి రెండు రోజులు పాడించారు. ఆయనకి తప్ప ఇంకెవరికీ రాని పాటలు, యుద్ధానికి ముందు గుర్రాలు తోలేవాళ్లు పాడుకున్నవి, ముప్పై నాలుగు. రికార్డు అవుతుండగా చెవిలో అంతా బాగానే వినబడింది. ఆయన నవంబరులో పోయారు. తర్వాత విప్పి చూస్తే పాటల మధ్య ఖాళీలు. డిస్కు అందుకోలేక వదిలేసింది. పాట నడుస్తూ నడుస్తూ పదిహేను సెకన్లు, ఇరవై సెకన్లు ఏమీ ఉండదు. ముప్పై నాలుగులో పూర్తిగా దక్కినవి ఆరు.

జనవరిలో ఆవిడ ఆ డిస్కుని ఉన్ని టోపీలో చుట్టుకుని రైల్లో నా దగ్గరికి తెచ్చారు. "ఇంజినీరు గారూ, మేమే ఏదో తప్పు నొక్కి ఉంటాం. ముసలివాళ్లం కదా. ఎక్కడ తప్పుచేశామో చెబితే మళ్లీ చెయ్యం" అన్నారు. అరగంటలో నాకు తెలిసిపోయింది. కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. నీ ఫిర్యాదు అక్షరం అక్షరం గుర్తొచ్చింది. నువ్వు రాసిన చివరి వాక్యం కూడా. "దీన్ని నమ్మి ఎవరైనా డిస్కు కొంటే మనం ఏం జవాబు చెబుతాం?"

కాఫీ పట్టుకుని వచ్చి, "వైరు వదులై ఉంటుందండీ. ఎవరు బిగించారో గానీ సరిగ్గా బిగించలేదు" అన్నాను.

ఆవిడ తల ఊపారు. "అయితే మాదే తప్పు. మీ టైము వృథా చేశాం" అన్నారు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టి వెళ్లారు. ప్లమ్ పండు గుజ్జు పెట్టిన కొలాచీ తీపి రొట్టెలు. పారేయలేకపోయాను. మూడు రోజులు తిన్నాను జెల్మీరా, ఒక్కణ్ణే.

ఒటా


లెవోచా, మే 4

ఒటా,

నీ ఉత్తరం కార్యాలయంలో మధ్యాహ్న భోజనం దగ్గర చదివాను. బల్ల మీద జున్ను పెట్టిన హలుష్కీ ఉండలు చల్లారిపోయాయి. పక్కనున్న ఆవిడ "ఎవరైనా పోయారా?" అని అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. కిందటి ఉత్తరంలో నిన్ను దులిపేశాను. అప్పుడు నేను దాచింది ఒకటి ఉంది.

నువ్వు నన్ను వెక్కిరించిన తొమ్మిదో రోజున, నాకు చెప్పకుండా నువ్వు వేసిన ప్యాచ్ దొరికింది. ఏ వరుస తీశావో, ఎందుకు తీశావో అంతా అర్థమైంది. దిద్దుబాటు కూడా రాశాను. నాలుగు వరుసలు. మూడు యంత్రాల మీద నడిపి చూశాను, సరిగ్గా వచ్చింది. లిస్టుకు పంపడానికి మెయిల్ కూడా సిద్ధం చేసి, పంపకుండా ఆపేశాను. ఎందుకంటావా? పంపితే నువ్వు "అరె, నిజమే, థాంక్స్" అని రెండు ముక్కలు రాసి బయటపడతావు. ఆ ఏడుగురు మళ్లీ ఒక నవ్వు బొమ్మ పెడతారు. అంత తేలిగ్గా నిన్ను వదలడం నాకు ఇష్టం లేకపోయింది. ఏదో ఒక రోజు ఇది బయటపడుతుంది, అప్పుడు ఒటాకర్ జ్బోర్జిల్ అందరి ముందూ బోర్లా పడతాడు, నేను చూస్తాను అనుకున్నాను. విడుదల అయిన ప్రతిసారీ పట్టిక తెరిచేదాన్ని, ఇంకా పట్టుబడలేదా అని. లీపా మొదటి స్థానంలో కనబడితే నాకు ఏదోలా సంతోషం వేసేది. ఎంత ఎత్తు నుంచి పడితే అంత మంచిదని.

నాలుగేళ్లు అలా చూస్తూ కూర్చున్నాను. నేను పంపి ఉంటే ఆ తాత పాటలు ముప్పై నాలుగూ ఉండేవి. ఇందులో నీ వాటా నీది, నా వాటా నాది. నాది చిన్నదని నాకు నేను చెప్పుకుని చూశాను, కుదరలేదు. నువ్వు తెలియక చేశావు, జనవరి దాకా. నేను మొదటి నుంచీ తెలిసే ఊరుకున్నాను.

నిన్ను క్షమించానని అనుకోకు. అది వేరే సంగతి. ఇప్పుడు చేయాల్సింది మాత్రం రాస్తాను. లిస్టులో చెప్పు. "చిన్న మెరుగులు" అని కాదు, కర్తతో సహా చెప్పు. తర్వాత రైలెక్కి ఆ టీచరమ్మ దగ్గరికి వెళ్లు. ఫోన్ చేయకు. ఫోన్‌లో అయితే నువ్వు మళ్లీ ఏదో ఒక వైరు కనిపెడతావు.

నా సంగతి నేను చూసుకుంటాను. నాకు కొంచెం టైము కావాలి.

జెల్మీరా


బ్ర్నో, జూన్ 1

జెల్మీరా,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. నువ్వు ఆ మెయిల్ ఆపేయడానికి కారణం నేను రాసిన ఆ వెక్కిరింతే. ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది.

మే పదమూడున లిస్టులో రాశాను. నువ్వు చూసే ఉంటావు, అయినా ఇక్కడా రాస్తున్నాను. "క్రోక్ ప్యాకేజీ నాలుగేళ్లుగా తప్పుడు వేగం చూపిస్తోంది. తప్పు పెట్టింది నేను. అప్పుడే జెల్మీరా కుబాన్యోవా సరిగ్గా కొలిచి చెప్పింది. నేను విప్పి చూడకుండా ఆమెను ఇదే లిస్టులో అవమానించాను. కొలవడం రానిది నాకు. మన పట్టికను నమ్మి డిస్కులు కొన్నవాళ్లు దయచేసి మళ్లీ కొలుచుకోండి. మనకు వచ్చిన మొదటి స్థానం అబద్ధం." మొదటి గంటలో ఒక్క జవాబూ రాలేదు. తర్వాత వరదలా వచ్చాయి. కొందరు తిట్టారు. పోర్చుగల్ నుంచి ఒకతను, వాళ్ల పంచాయతీ గ్రంథాలయంలో ఇరవై యంత్రాలకి ఆ డిస్కులే వేశామని మామూలుగా రాశాడు, తిట్టలేదు. అది ఎక్కువ తగిలింది. నవ్వు బొమ్మలు పెట్టిన ఏడుగురిలో ఇద్దరు నీకు క్షమాపణ రాశారు. మిగతావాళ్లు నోరెత్తలేదు.

శనివారం వెసెలీ వెళ్లాను. బ్లాజెనా గారు తోటలో ఉల్లి నాటుతున్నారు. మట్టి చేతులతోనే విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. మొత్తం చెప్పాక, "అంటే వైరు బాగానే ఉందా?" అన్నారు.

"బాగానే ఉందండీ. దానికి ఏమీ కాలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఆవిడ చేతిలో మొలకల బుట్ట కింద పెట్టారు. "వైర్లు బిగించింది హీనెక్. రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్లు సిగ్నళ్లు చూసినవాడు. మీరు అలా చెప్పారని వచ్చి అందరి ముందూ చెప్పాను. మతౌష్ వాడికి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఆ రోజు నుంచి హీనెక్ సంఘానికి రావడం లేదు. చర్చిలో కూడా వెనక వరుసలో కూర్చుంటాడు. నేను వాడి చేతులు వణుకుతాయని కూడా అన్నాను, ఇంజినీరు గారూ. వాడి చేతులు వణకవు."

నేను నీకు చేసిందే ఆ మనిషికీ చేశాను జెల్మీరా. అప్పుడు గర్వంతో చేశాను, ఇప్పుడు భయంతో. ఆయన పేరైనా నాకు అప్పటికి తెలియదు.

ఇద్దరం నడిచి వాళ్లింటికి వెళ్లాం. పొట్టి మనిషి, శుభ్రంగా గీసుకున్న గడ్డం. గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు. కంప్యూటర్ సంగతి అర్థం కాలేదన్నాడు. "పోస్టాఫీసులో కవరు తీసుకోగానే, అది చేరిపోయిందని రాసుకున్నట్టండీ. నేను చేసిన పని అది" అన్నాను. అది అర్థమైంది.

"ఆ వైరు కొత్తది. మూడుసార్లు లాగి చూశాను. అయినా మీరు చదువుకున్నవారు కదా, వదులై ఉంటుంది అన్నారంటే వదులై ఉంటుందనుకున్నా. మా మతౌష్ సమాధి దగ్గరికెళ్లి క్షమించరా అని అడిగాను. చెయ్యని దానికి" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు. "నాకు చెప్పడం కాదు. గురువారం సంఘం కూర్చుంటుంది. ఆవిడ ఎంతమంది ముందు చెప్పిందో అంతమంది ముందూ చెప్పండి. నేను వస్తాను."

గురువారం ఆఫీసుకు సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. పదకొండు మంది. చెప్పాను. ఒక ముసలావిడ లేచి హీనెక్‌కి కుర్చీ జరిపి, ఆయన గ్లాసులో ముందుగా సారా పోసింది. బ్లాజెనా గారు ఆయన వైపు తిరిగి "నా నోరు పడిపోను" అన్నారు. ఆయన "ఊ" అన్నాడు, అంతే. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. సాయంత్రం రైలుకి వచ్చేశాను.

ఇక నేను క్రోక్ ప్యాకేజీని చూసుకోవడం ఎవరూ హర్షించరు. అసలు లీపా నుంచే తప్పుకుందామనుకుంటున్నాను. రాజీనామా రాసి ఉంచాను. పన్నెండు ప్యాకేజీలూ నీవే, నువ్వు తిరిగి తీసుకుంటే అదే న్యాయం.

ఒటా


లెవోచా, జూలై 9

ఒటా,

కొండ మీది మాత చర్చికి జరిగే యాత్ర వారం అయిపోయింది. ఊరంతా జనం, మా మెట్ల మీద కూడా ఎవరో పడుకున్నారు. వాళ్లు వెళ్లాక ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

ఆ నాలుగు వరుసలూ లిస్టుకు పంపాను. ఫైలు తేదీ మార్చలేదు, నాలుగేళ్ల కిందటిదే. "ఇది అప్పటి నుంచీ నా దగ్గర ఉంది, పంతం కొద్దీ పంపలేదు" అని రాశాను. ఏమైందో తెలుసా? అందరూ నన్ను పొగిడారు. "ఎంత పెద్ద మనసు, ఇంత అవమానం జరిగినా తిరిగి వచ్చి సాయం చేశారు" అని. నేను రాసిన రెండో వాక్యం ఎవరికీ కనబడలేదు. అవమానపడిన మనిషి తప్పు కూడా చేసి ఉంటుందని ఎవరూ అనుకోరు కాబోలు. ఒక రోజంతా ఆ పొగడ్తల్ని అలాగే ఉండనిచ్చాను. బాగుంది కూడా. నాలుగేళ్లుగా ఎవరూ నాతో అంత మంచిగా మాట్లాడలేదు. మర్నాడు మళ్లీ రాశాను. "మీరు సరిగ్గా చదవలేదు. నేను పంపి ఉంటే ఒక ముసలాయన పాటలు దక్కేవి. తెలిసీ దాచాను." దాంతో పొగడ్తలు ఆగిపోయాయి. ఇప్పటికీ నాకు ఎలా జవాబివ్వాలో వాళ్లకి తెలియదు. నాకు మాత్రం తెలుసా?

బ్లాజెనా గారికి కూడా ఉత్తరం రాశాను. ఆవిడ ఒక కార్డు పంపారు. "చదివాను" అని ఉంది, కింద సంతకం. అంతకన్నా ఎక్కువ నేను అడగను.

ఇక నీ రాజీనామా సంగతి. చింపేయి. పన్నెండు ప్యాకేజీల్లో పదకొండు తీసుకుంటాను. క్రోక్ మాత్రం తీసుకోను. అది నీ పేరు మీదే ఉండాలి. రాజీనామా అంటే గౌరవంగా పారిపోవడం. నేను పారిపోయి చూశాను, పనికిరాదు. కొత్త విడత బయటికి వెళ్లాక వేగం ఒక్కసారిగా పడిపోయినట్టు అందరికీ కనిపిస్తుంది. లిస్టు చదవనివాళ్లే ఎక్కువ. "ఎందుకు నెమ్మదించింది?" అని అడుగుతారు. అప్పుడు ప్యాకేజీ బాధ్యుడి పేరు చూస్తారు. ఆ చోట నువ్వుండాలి.

కావాలంటే నేను ఒక జవాబు రాసి పెడతాను, అడిగిన ప్రతివాళ్లకీ యంత్రమే పంపేస్తుంది.

జెల్మీరా


బ్ర్నో, సెప్టెంబరు 20

జెల్మీరా,

రాజీనామా చింపేశాను. యంత్రం జవాబు వద్దు. నేనే రాస్తాను.

కొత్త పట్టిక చూశావు కదా. మొదటి స్థానం నుంచి ఆరో స్థానానికి వచ్చాం. నువ్వన్నట్టే అడగడం మొదలుపెట్టారు. ఒకతను, తన డిస్కు పాడైందనుకుని కొత్తది కూడా తెచ్చుకున్నాడట. ఇంకొకామె, "కొత్త విడతలో ఏం చెడగొట్టారు?" అని అడిగింది. అందరికీ ఒకే సంగతి రాయాలి. "ఏమీ నెమ్మదించలేదు. మీ డిస్కు ఎప్పుడూ ఇంతే. నాలుగేళ్లు నేను తప్పు చెప్పాను." మొదటిసారి రాసినప్పుడు, ఇక అలవాటవుతుందనుకున్నాను. అలవాటు కావడం లేదు. అడిగిన ప్రతిమనిషికీ ఇది కొత్త, కాబట్టి నాకూ కొత్తగానే చెప్పాల్సి వస్తోంది.

కిందటి వారం బ్లాజెనా గారు కబురు పెట్టారు. మతౌష్ తాత పాటల్ని భద్రపరచడానికి ప్రాంతీయ సంగ్రహాలయానికి ఇస్తున్నారు, ఖాళీలతో సహా. ఆయన చెల్లెలు ఉంది, ఎనభై ఆరేళ్లు. పోయిన చరణాలు ఆవిడకేమైనా వస్తాయేమోనని అడిగారట. "అవి మగవాళ్లు బండి మీద పాడుకునేవి, నాకెందుకొస్తాయి" అంది. అంతే, ఇక అవి లేవు.

ప్రతి పాటకీ ఒక చీటీ రాయాలి, పాట ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో. "ఎందుకు అన్న చోట ఏం రాయాలో మీరే రాయండి ఇంజినీరు గారూ" అన్నారు బ్లాజెనా గారు. హీనెక్ గారు పక్కన కూర్చుని ఆ చోట్ల నిమిషాలు, సెకన్లు చదివి చెప్పారు. నేను రాశాను. "డిస్కు వేగం తప్పుగా చెప్పినందువల్ల. చెప్పినవాడు ఒటాకర్ జ్బోర్జిల్, బ్ర్నో." ఇరవై ఎనిమిది చీటీలు. పదో చీటీ దగ్గర "ఇదే మాట మళ్లీ మళ్లీ ఎందుకు, ఒకచోట రాస్తే చాలదా" అన్నాను. హీనెక్ గారు కళ్లద్దాల మీంచి చూశారు. "వినేవాడు ఏ పాటతో మొదలుపెడతాడో మనకేం తెలుసు?" అన్నారు.

ఇప్పటికి పదిహేడు మంది అడిగారు. పదిహేడు మందికీ రాశాను. ఇవాళ పొద్దున ఇంకొకటి వచ్చింది, ఎక్కడో బడిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడ దగ్గర్నుంచి. "పొరపాటు నాదేనేమో, నేనే సరిగ్గా కొలవలేదేమో, ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టింది. ఈ కవరు అంటించడం ఆపి, ముందు ఆవిడకి రాస్తున్నాను.

"మీరు సరిగ్గానే కొలిచారు."

ఒటా